అనుకొనుము

రాత్రి పదకొండుకి కరెంటు పోయి వచ్చినాక
ఇస్కపల్లి హేచరీలో నాతో మిగిలింది
రెండు టన్నుల సిమెంటు తొట్టి,
మోటారు కాడ పెంచలయ్య,
గాలిరాళ్ల బుడబుడ.

తెల్లారేసరికి లక్ష రొయ్యపిల్ల పోవాల.
రైతుది వెంకటాచలం దిక్కు, గుంట నీళ్లలో
ఉప్పు నూటికి ఒకటిన్నరే.
మా సముద్రం నూటికి మూడు,
బోరు నూటికి అర.
వెయ్యి లీటర్లకి ఎందులో ఎంత కలపాలో చెప్పే టెక్నీషియను
కావలిలో బామ్మర్ది పెళ్లిలో ఉన్నాడు,
ఫోనెత్తడు.

నేను పదిలో లెక్కలు తప్పినదాన్ని.
అల్లూరు హైస్కూల్లో ఆదిశేషయ్య సారు
నల్లబల్ల మీద రాసేవాడు,
"కావలసినది ఎక్స్ అనుకొనుము."
ఎందుకనుకోవాలో చెప్పలేదు.
నేనూ అనుకోలేదు.
ముప్పై అయిదు రావాల్సిన చోట ఇరవై రెండొచ్చినాయి.

పన్నెండేళ్లకి, గోడకి సుద్దముక్క ఆనించి
మొదటిసారి అనుకున్నా.
సముద్రం ఎక్స్ లీటర్లు.
వెయ్యిలో ఎక్స్ పోను మిగిలిందంతా బోరు,
ఒకదానికి పేరు పెడితే
రెండోదానికి వేరే పేరే అక్కర్లేదు.
కూడాల్సింది నీళ్లని కాదు, నీళ్లలో ఉన్న ఉప్పుని.
ఇది తట్టడానికే గంట పట్టింది.
మూడు ఎక్స్‌లు,
వెయ్యిలో ఎక్స్ తీసేసి దాంట్లో సగం,
రెండూ కలిసి పదిహేను వందలు.
అయిదు వందలు గుర్తు మార్చుకుని అవతలికి దాటినాయి.
రెండున్నర ఎక్స్‌లు వెయ్యి.

"ఎవురు మస్తానమ్మా ఈ ఎక్సు?"
"నాలుగొందల లీటర్ల సముద్రం. మోటారెయ్యి."

అది నాలుగొందలు, ఇది ఆరొందలు.
ఉప్పు చూసే గొట్టానికి కన్ను ఆనిస్తే
నీలానికీ తెలుపుకీ నడుమ గీత
ఒకటిన్నర కాడ నిలబడుంది.
నేనే నిలబెట్టా దాన్ని.

అప్పుడొచ్చింది వాన.
టార్పాలిన్ చినిగిన మూల నుంచి
రేకుల మీది నీళ్లన్నీ కాలవ కట్టి తొట్టిలోకే.
మేం గోతాలు కప్పేలోపు
కొలత పన్నెండు వందలకి ఎక్కింది,
గొట్టంలో గీత ఒకటింపావుకి జారింది.

"వానలో ఉప్పే లేదుగా, వచ్చి ఏం చెడగొట్టింది?"
నేనూ అట్నే అనుకునేదాన్ని, సున్నా వస్తే రానట్టేనని.
ఏమీ తేకుండా వచ్చినోడు కూడా
విస్తరి ముందు చోటడుగుతాడు.
పదిహేను కిలోల ఉప్పు పదిహేను కిలోలే,
పంచుకునే నీళ్లు పెరిగినాయి.

మళ్లీ సుద్ద.
ఎక్స్ అంటే ఇప్పుడు నాలుగొందలు, దాన్ని కదిలించలేను.
వై అనుకున్నా.
చెరిపి, రాసి, చేతి మడమతో తుడిచి
చివరికి వై రెండొందలు.
కురిసిందీ రెండొందలే.
తప్పేమోనని మొదట్నుంచీ చేశా.
మళ్లీ రెండొందలే.

ఆ అంకె ముందు చాలాసేపు కూర్చున్నా.
సున్నాకీ మూడుకీ సరిగ్గా నట్టనడుమ ఉంది ఒకటిన్నర.
వాన ఎంత లాగిందో
సముద్రం అంతే లాగాల.
ఇంత తేలికైతే సారెందుకు చెప్పలేదో.
చెప్పే ఉంటాడు,
నేను కిటికీలోంచి ఉప్పు కయ్యల వంక చూస్తా ఉండుంటా.

నాలుగింటికి ఆ నీళ్లని సన్న పైపుతో
పిల్లకి కొంచెం కొంచెంగా అలవాటు చేశాం.
కొన్ని తెల్లబడి అడుక్కి పోయినాయి.
మిగిలినవన్నీ ఎదురీదినాయి.
ఆరింటికి సంచులు వ్యానెక్కినాక
టెక్నీషియను ఫోను చేశాడు,
లెక్కెవరు చేశారని.
గోడ మీదుంది, వచ్చి చూసుకో అన్నా.

రోడ్డు మీద టీ అంగట్లో
గ్లాసెత్తి వెలుగుకి పట్టా.
పాలు ఎక్స్ అనుకొనుము.
నూటికి ముప్పై కూడా రాలా.
అంగడాయన్ని అడగబోయి, వేడిగా ఉందిలే అని
తాగేశా.